అలాయ్ చక్రాలు: బాగుచేయించాలా, మార్చాలా?

కారు కొనడానికి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లినప్పుడు ఎవరి చూపు వారిది. ఇంటాయన మైలేజీ అడుగుతాడు. ఇల్లాలు వెనక సీట్లో అత్తగారు సుఖంగా కూర్చోగలదా అని చూస్తుంది. పిల్లలు మటుకు తిన్నగా చక్రాల దగ్గరికి పోయి నిలబడతారు. నల్లటి ఇనుప చక్రానికి ప్లాస్టిక్ మూత తగిలించిన కారు పక్కన, పువ్వు రేకుల్లా విచ్చుకుని తళతళలాడే అలాయ్ చక్రాల కారు ఉంటే, పిల్లల ఓటు దేనికో చెప్పనక్కర లేదు. మరికాస్త డబ్బు పోసి ఆ కారే తెచ్చుకుంటాం.

ఆ తరవాత ఒక వానాకాలం రాత్రి, నీళ్లు నిండిన గుంత ఒకటి కనబడకుండా వస్తుంది. ధనామని చప్పుడవుతుంది. తెల్లవారి చూస్తే రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అక్కణ్ణించి సలహాలు మొదలవుతాయి. పంక్చరు షాపతను, "వెల్డింగు పెట్టిస్తే కొత్తదానిలా అవుతుందండీ" అంటాడు. కంపెనీ వర్క్‌షాపులో, "మార్చాల్సిందే" అంటారు. బావమరిది, "ఎలాగూ మారుస్తున్నారు కదా, నాలుగూ పెద్ద సైజువి వేయించండి, కారుకి కళ వస్తుంది" అంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి? చక్రం కారుకి నగ అయితే ఎవరి మాట విన్నా నష్టం లేదు. కాని ఇంటిమంది బరువంతా మోసేది ఆ నాలుగు చక్రాలే. కాబట్టి ఈ వారం వాటి సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇంతకీ అలాయ్ అంటే ఏమిటి?

అలాయ్ అంటే మిశ్రలోహం. ఆ లెక్కన ఉక్కు కూడా మిశ్రలోహమే. అయితే కార్ల బజారులో అలాయ్ చక్రం అన్నారంటే అల్యూమినియం మిశ్రమంతో చేసినదని అర్థం. ఎక్కువ చక్రాలకు వాడే మిశ్రమంలో అల్యూమినియంతో పాటు నూటికి 7 పాళ్లు సిలికాన్, పిసరంత మెగ్నీషియం ఉంటాయి. సిలికాన్ ఉండడం వల్ల కరిగిన లోహం అచ్చులోని సందుగొందుల్లోకి చక్కగా పారుతుంది. మెగ్నీషియం ఉండడం వల్ల తరవాత ఇచ్చే వేడికి బలం వస్తుంది.

ఉక్కు చక్రం తయారీ వేరు. మందపాటి రేకును నొక్కి మధ్య పళ్లెం చేస్తారు, మరో రేకును గుండ్రంగా వంచి రిమ్ము చేస్తారు, రెండింటినీ వెల్డింగుతో కలుపుతారు. మన రోడ్లమీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ ఇటువంటి చక్రాలమీదే నడిచాయి. మధ్యలో మెరిసే గిన్నెలాంటి మూత అందం కోసం పెట్టిందే.

అల్యూమినియం చక్రం మోజు పందెపు కార్లతో మొదలైంది. 1924లో ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరం దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీ పందెంలో ఎటోరే బుగాటీ తన టైప్ 35 కార్లను దించినప్పుడు, వాటికి వెడల్పాటి 8 ఆకులతో పోతపోసిన అల్యూమినియం చక్రాలున్నాయి. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంలో భాగమే. ఆ రోజు టైర్లు సహకరించక ఆ కార్లు పందెం గెలవలేదు గాని, ఆ చక్రం మటుకు చరిత్రలో నిలిచిపోయింది. తరవాత పందేలవాళ్లు ఇంకా తేలికైన మెగ్నీషియంకు కూడా ఎగబడ్డారు. కాని దానికి తేమ తగిలితే తినేసే గుణం ఎక్కువ కాబట్టి మామూలు కార్లకు అది అచ్చిరాలేదు. 1960ల నడిమి భాగంలో జర్మనీలో పోర్షే 911 ఎస్ కారుకు ఫుక్స్ కంపెనీవారు పోత పొయ్యకుండా, అల్యూమినియం దిమ్మను బ్రహ్మాండమైన ఒత్తిడితో నొక్కి చేసిన చక్రాలిచ్చారు. ఇలా నొక్కి చేసినవాటిని ఫోర్జ్‌డ్ చక్రాలంటారు. పోత చక్రాలకన్నా ఇవి గట్టివి, ఖరీదైనవి. మనం మామూలు కార్లలో చూసేవి చాలామటుకు పోత చక్రాలే.

అల్యూమినియం బరువు ఉక్కు బరువులో మూడో వంతు. అయితే చక్రం బరువు కూడా మూడో వంతుకి తగ్గుతుందనుకోకండి. ఉక్కంత బిగువు అల్యూమినియంకు లేదు, అది కూడా సుమారు మూడో వంతే. ఆ లోటు పూడ్చడానికి లోహాన్ని మందంగా పొయ్యాలి. అంచేత కొన్ని అలాయ్ చక్రాలు అదే సైజు ఉక్కు చక్రంకన్నా కాస్త తేలిక, కొన్ని దాదాపు సమానం, అందం కోసం పెద్దగా చేసినవి ఒక్కొక్కప్పుడు ఎక్కువ బరువు కూడా. గుండ్రదనం ఖచ్చితంగా ఉండడం, బ్రేకు వేడి త్వరగా పోవడం దీనిలోని సుగుణాలు.

పాకం సంగతి

వెల్డింగు విషయం తేల్చుకోవాలంటే ముందు చక్రానికి బలం ఎక్కణ్ణించి వస్తుందో తెలియాలి. అచ్చులోంచి తీసిన చక్రం అప్పటికి మెత్తనిదే. దాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచి, ఒక్కసారిగా నీళ్లలో చల్లారుస్తారు. ఆ తరవాత 150 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే చిన్న వేడిలో మళ్లీ కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు లోహంలోపల కంటికి కనబడనంత సూక్ష్మమైన రేణువులు ఏర్పడి, దానికి కావలసిన గట్టిదనం ఇస్తాయి.

అరిసెలు వండే ఇల్లాలికి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. బెల్లం అదే, నీళ్లవే. కాని పాకం ఏ పదునులో దింపామన్నదాన్నిబట్టి అరిసె మెత్తన అవడమో, రాయి అవడమో ఉంటుంది. పదును తప్పిన పాకాన్ని మళ్లీ పొయ్యిమీద పెట్టినంతమాత్రాన మొదటి పదును తిరిగి రాదు. చక్రం కూడా అంతే. ఫ్యాక్టరీలో పట్టిన పాకమే దాని బలం.

ఇప్పుడు పగిలిన చోట వెల్డింగు పెడితే ఏమవుతుంది? అతుకు పడేచోట లోహం కరుగుతుంది. దాని చుట్టుపక్కల కొంత మేర కరగకపోయినా, ఆ సూక్ష్మ రేణువులు చెదిరిపోయేంత వేడెక్కుతుంది. పగులు పూడుతుంది, సానపెట్టి రంగు వేస్తే మచ్చ కూడా తెలియదు. కాని అతుకుకి ఆనుకుని ఉన్న లోహం మెత్తబడి ఉంటుంది. మొత్తం చక్రాన్ని మళ్లీ 540 డిగ్రీల బట్టీలో పెట్టి, నీళ్లలో చల్లార్చి, తిరిగి వేడిలో ఉంచితే తప్ప ఆ బలం రాదు. అలా చేస్తే చక్రం ఆకారం వంకరపోవచ్చు. ఆ పని వీధి చివరి షాపులో జరిగేది కాదు.

ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇనుము కాలితే ముందు ఎర్రబడుతుంది. కమ్మరి ఆ రంగు చూసే వేడి అంచనా వేస్తాడు. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది. గ్యాసు మంటతో కాల్చి, సుత్తితో కొట్టి రిమ్ము సరిచేసే మనిషి ఎంత పనివాడయినా, లోహం ఎంత వేడెక్కిందో కంటితో పట్టుకోలేడు.

దెబ్బలు నాలుగు రకాలు

అలాగని దెబ్బ తిన్న చక్రాన్నల్లా పారవెయ్యాలని కాదు. దెబ్బ ఏ జాతిదో గుర్తుపడితే సగం డబ్బు మిగులుతుంది.

మొదటిది గీత. కారు ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంటే రంగు పోయి గరుకు తేలుతుంది. గోరు పెట్టి చూస్తే పైపొర చెక్కుకుపోయినట్టు తెలుస్తుందేగాని లోతు ఉండదు. ఇది అందానికి సంబంధించినది. నునుపు చేసి, మళ్లీ రంగు వేయించుకోవచ్చు. అయితే రెండు జాగ్రత్తలు. రంగు ఆరడానికి బట్టీలో పెట్టేవారు వేడిని, వేళను అదుపులో ఉంచుకునేవారై ఉండాలి. పాకం సంగతి ఇక్కడా మరవకూడదు. రెండోది, అద్దంలా మెరిసే ముఖం ఉన్న చక్రాలను లేతు మీద మళ్లీ చెక్కి మెరుపు తెస్తారు. చెక్కినప్పుడల్లా కొంత లోహం పోతుంది కాబట్టి ఈ పని పదేపదే చేయించేది కాదు.

రెండోది తుప్పులాంటిది. అల్యూమినియంకు ఎర్రతుప్పు పట్టదు, తెల్లని పొడి పడుతుంది. పైన వేసిన వార్నిషు కింద పురుగు పాకినట్టు తెల్లగీతలు తేలతాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది త్వరగా కనబడుతుంది. టైరు అంచు రిమ్ముమీద కూర్చునే చోట ఇది పడితే మేకు గుచ్చుకోకుండానే గాలి దిగిపోతూంటుంది. సబ్బునీళ్లు పోసి చూస్తే అంచు వెంబడి బుడగలు వస్తాయి. టైరు విప్పి ఆ చోటు శుభ్రంచేసి, తగిన పూత పూస్తే చాలామటుకు సరిపోతుంది.

మూడోది వంపు. గుంతల్లో పడితే వచ్చేది ఇదే, అదీ ఎక్కువగా లోపలి అంచుకి. చక్రం బయటివైపు ఆకుల ఆసరా ఉంటుంది, లోపలివైపు అటువంటి ఆసరా ఉండదు. ఫలానా వేగం దగ్గర స్టీరింగు వణకడం, బాలెన్సింగు చేయించినా ఆ వణుకు పోకపోవడం దీని గుర్తులు. వంపు స్వల్పమై, అంచువరకే పరిమితమై ఉంటే యంత్రం మీద మెల్లగా నొక్కి సరిచేసేవారున్నారు. చాలా కార్ల కంపెనీలు దీనికి కూడా ఒప్పుకోవు. మీ కారు పుస్తకంలో ఏముందో చదవండి. చేయించదలిస్తే, చక్రాన్ని తిప్పుతూ వంకరను గడియారపు ముల్లులాంటి డయల్ గేజితో కొలిచేవారి దగ్గరే చేయించండి. చేశాక పగుళ్ల పరీక్ష కూడా అడగండి. వంపు ఆకులదాకా పాకినా, ఎడంగా నిలబడినా కంటికి ఆనుతున్నా ఆ చక్రం మార్చడమే మేలు.

నాలుగోది పగులు. దీనికి మధ్యేమార్గం లేదు. ఉక్కు చక్రం దెబ్బకు వంగుతుంది. పోత అల్యూమినియం కొంతవరకు వంగి, ఆపైన చిట్లుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ప్రతి చోటూ ఒకసారి ఒత్తిడికి లోనై మళ్లీ తేలికపడుతుంది. 15 అంగుళాల చక్రంమీద వేసిన మామూలు టైరు చుట్టుకొలత 2 మీటర్లకు కాస్త తక్కువ. అంటే కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. హైదరాబాదునుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో చక్రం లక్షా ముప్పైవేల సార్లకు పైగా తిరుగుతుంది. వెంట్రుకవాసి పగులు ఒక్కొక్క తిప్పుకీ ఇసుమంత సాగుతూ పోతుంది. అది ఎప్పుడు తెగుతుందో ముందుగా చెప్పదు. పగిలిన చక్రాన్ని, వెల్డింగు పెట్టిన చక్రాన్ని కారుకి తగిలించకండి. స్టెప్నీగా కూడా ఉంచుకోకండి. స్టెప్నీ వెయ్యవలసి వచ్చేది ఎప్పుడూ ఊరుకి దూరంగా, చీకటి పడ్డాకనే.

కుండలు కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తామే, చక్రాన్ని అలా మోగించి పగులు లేదని తేల్చేవారున్నారు. ఆ పరీక్ష కుండకి సరిపోతుంది, చక్రానికి చాలదు. దీనికి సుళువైన మంచి పరీక్ష వేరే ఉంది. శుభ్రం చేసిన చక్రంమీద ఎర్రటి రంగుద్రవం చల్లి, కాసేపుంచి తుడిచేస్తారు. ఆపైన తెల్లటి పొడి చల్లుతారు. పగుల్లో దాగిన ఎరుపు ఆ తెలుపుమీద గీతలా పైకి తేలుతుంది. పని తెలిసిన వర్క్‌షాపులో ఇది చేయగలరు.

పెద్ద చక్రం కళ

ఇక బావమరిది సలహా. ఒక కారుకి 185/65 ఆర్ 15 టైర్లున్నాయనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులని. అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అన్నది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. దీనికి బదులు 195/55 ఆర్ 16 వేశారనుకోండి. మొత్తం ఎత్తు దాదాపు మారదు: మొదటిది 621.5 మిల్లీమీటర్లు, రెండోది 620.9. కాబట్టి స్పీడు ముల్లు తప్పు చెప్పదు. కాని పక్కగోడ 107 మిల్లీమీటర్లకు దిగింది. గుంతకీ రిమ్ముకీ మధ్యనున్న గాలి పరుపు 13 మిల్లీమీటర్లు పలచబడింది. రోడ్లు అద్దాల్లా ఉన్నచోట దీనివల్ల బాధ లేదు. మన రోడ్లమీద ఆ 13 మిల్లీమీటర్లే ఎన్నోసార్లు రిమ్మును కాపాడుతాయి. సైజు పెంచదలిస్తే మీ కారు మోడలులోనే ఖరీదైన రకానికి కంపెనీవారు ఇచ్చే సైజు దాటకండి. మార్పు చేస్తే బీమా కంపెనీకి తెలియజేయండి.

అలాగే గాలి. తక్కువ గాలితో నడిచే టైరు గుంతలో పడితే పక్కగోడ నలిగి, దెబ్బ తిన్నగా రిమ్ముకి తగులుతుంది. నెలకొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకుంటే చక్రం బాగుచేయించే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

కొత్త చక్రం కొనేటప్పుడు

ఒక చక్రం పాడైతే నాలుగూ మార్చనక్కర లేదు. అదే కంపెనీ, అదే కొలతల చక్రం ఒకటి తెస్తే చాలు. కొలతలు చక్రం వెనకవైపు అచ్చువేసి ఉంటాయి. ఉదాహరణకు 6జె × 15, ఇటి 45 అని ఉందనుకోండి. 6 అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో, జె అన్నది అంచు ఆకారం, 15 వ్యాసం. ఇటి 45 అంటే చక్రం హబ్బుకి ఆనుకునే ముఖం, రిమ్ము నట్టనడుమనుంచి 45 మిల్లీమీటర్లు బయటివైపుకి ఉందని. దీని బదులు ఇటి 35 ఉన్నది వేస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. మడ్‌గార్డుకి రాసుకోవచ్చు, బేరింగులమీద భారం పెరుగుతుంది.

బోల్టుల లెక్క మరొకటి. 4 × 100 అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసంగల వృత్తంమీద 4 రంధ్రాలని. 98 వృత్తం చక్రాన్ని కూడా ఏదోవిధంగా ఎక్కించి నట్లు బిగించే ఘనులున్నారు. ఆ నట్లు వాలుగా కూర్చుని కొన్నాళ్లకు వదులవుతాయి. నడిమి రంధ్రం కూడా హబ్బుకి సరిపోవాలి. పెద్దదైతే మధ్యన తగిన రింగు వేయించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది అడగనిది, చక్రం మోయగల బరువు. మీ కారు ముందు ఇరుసుమీద అత్యధికంగా 800 కిలోల బరువు పడవచ్చని కంపెనీ చెప్పి ఉంటే, ఒక్కొక్క చక్రం కనీసం 400 కిలోలు మోయగలదై ఉండాలి. ఆ అంకె చక్రంమీదో, తయారీదారు పత్రంలోనో లేకపోతే ఎంత చవకైనా అక్కడే వదిలి రండి. మన దేశంలో అలాయ్ చక్రాలకు ఐ.ఎస్. 16192 అనే ప్రమాణం ఉంది. ఐ.ఎస్.ఐ. ముద్ర చూసుకోండి. జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవాటిమీద జె.డబ్ల్యు.ఎల్. అని ఉంటుంది. ఇటువంటి ప్రమాణాల ప్రకారం నమూనా చక్రాలను వంపుకి లోనుచేస్తూ లక్షల సార్లు తిప్పుతారు, పైనుంచి బరువు పడవేసి దెబ్బ తట్టుకుంటాయో లేదో చూస్తారు.

చక్రం బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు వరుసగా బిగించాలి. గొట్టం తగిలించిన పానామీదకెక్కి తొక్కడం పనితనం కాదు. కారు పుస్తకంలో చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి చూపించుకోవాలి. కొన్ని కార్లలో అలాయ్ చక్రాల నట్లు వేరు, ఉక్కు స్టెప్నీ నట్లు వేరు. మీ స్టెప్నీకి ఏ నట్లు కావాలో ఇంటి దగ్గరుండగానే తెలుసుకోండి.

కడగడానికి మామూలు షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. స్నానాలగది రాళ్లు కడిగే యాసిడ్ తాకించకండి. బ్రేకులు వేసి వేసి వేడెక్కిన చక్రంమీద చన్నీళ్లు కొట్టకండి. బోరునీళ్లతో కడిగితే ఆరకముందే తుడవండి, లేకపోతే తెల్లమచ్చలు కడతాయి. టైర్లు అటూ ఇటూ మార్పించే రోజున మీరు దగ్గర నిలబడి, ప్రతి చక్రం లోపలివైపు ఒకసారి తిప్పి చూపించమనండి. అయిదు నిమిషాల పని.

చివరగా ఒక మాట. చక్రం పగిలిందని మార్చేశాక ఆ పాతదాన్ని ఏం చేస్తారు? షాపతను దానికి కొంత డబ్బు ఇస్తానంటాడు. తీసుకునేముందు, అది ఎక్కడికి పోతుందో అడగండి. అతుకు పెట్టి రంగు వేసి మరొకరికి అమ్మితే, ఆ చక్రంమీద ఎవరింటి పిల్లలో ప్రయాణం చేస్తారు. అంచేత మీ ఎదురుగానే దాన్ని రంపంతో రెండుచోట్ల కోయించి, తూకానికి అమ్మండి. ధర కాస్త తగ్గితే తగ్గనివ్వండి. అల్యూమినియం మళ్లీ కరిగించడానికి పట్టే శక్తి, ఖనిజంనుంచి కొత్తగా తీయడానికి పట్టేదానిలో సుమారు నూటికి 5 వంతులే. కాబట్టి ఆ తుక్కుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కరిగి మరో వస్తువై, కొత్త పాకం పట్టుకుని, ఇంకొకరికి పనికొస్తుంది.